ఆరని బొట్టు

ఫ్యాన్ ఆపానా లేదా, ఆపాను, ఆపకపోతే ఈ ఫొటో అంచు ఇట్లా కదలకుండా ఉండేది కాదు, అయినా మళ్లీ పైకి చూస్తున్నాను, రెక్కలు మూడూ నిలబడే ఉన్నాయి, వాటి మీది దుమ్ము మాత్రం నేను పని మొదలుపెట్టగానే రాలదామని కాచుకుని ఉన్నట్టుంది, రేపు తుడవాలి, రేపెక్కడ, రేపు పొద్దున్నే అందరం మణికొండలో మా మెట్ట పొలం చెలకకు పోవాలి కదా, అయ్యగారు వస్తారు, దర్భలతో మామయ్య బొమ్మ చేస్తారట, దానికి నిప్పు పెడతారట, పక్కన ఈ ఫొటో నిలబెడతారట, ఆ ఫొటోకు ఇప్పుడు నేను లామినేషన్ వేయాలి, చెమట బొట్టు దీని మీద పడితే మచ్చ పోదు, కొంగుతో ముఖం తుడుచుకున్నాను, కొంగుకు నూలు పోగులుంటాయి, అవి రాలితే అదొక తంటా, కొంగు బొడ్లో దోపానా, దోపాను, జుట్టు ముడి వేశానా, వేశాను, గాజులు తీశాను, చేతులు సబ్బుతో కడిగి ఆరబెట్టుకున్నాను, దుమ్ము లేవకుండా నేల మీద నీళ్లు చల్లాను, లామినేషన్ మెషిన్ రోలర్ కింద రెండు చివర్లా కాగితం ముక్కలు పెట్టి లాగి చూశాను, రెండూ ఒకే బిగువుతో వచ్చాయి, ఇంత చేసినా ఏదో మరిచినట్టే ఉంది, పొద్దున్నుంచీ నాకు ఇదే వరస, కూర్చుంటే లేవాలనీ లేస్తే కూర్చోవాలనీ ఉంది.

బల్ల మీద మామయ్య పడుకుని ఉన్నాడు, పడుకోవడమేమిటి నా తలకాయ, ఫొటో, వినైల్ షీటు మీద అచ్చు వేసిన ఫొటో, ఛాతీ దాకా, తెల్ల చొక్కా, మీసం కింద ఆపుకున్న నవ్వు, పొద్దున మా ఆయన క్రాంతికుమార్ ప్రింట్ తీశాడు, ఇంకా రంగు వాసన గుప్పుమంటోంది, ఈ వాసన పోకముందే పైన ప్లాస్టిక్ పొర అతికిస్తే ఏమవుతుందో ఫిల్మ్ నగర్ మొత్తంలో నాకంటే ఎవరికి తెలుసు, రంగులో కలిపిన మందు ఎగిరిపోవడానికి దారి దొరక్క లోపల్లోపలే తిరుగుతుంది, ఇవాళ అద్దంలా ఉంటుంది, ఎల్లుండికి బుడగలు లేస్తాయి, అంచులు చాపలా చుట్టుకుపోతాయి, నల్లగా ఉండాల్సిన మీసం మీద తెల్లటి మసక కమ్ముతుంది, ఒక రోజంతా వేలాడదీయాలి, అది నేను చెప్పానా, చెప్పాను, క్రాంతి ఏమన్నాడు, రేపు పొద్దుగాల్నే కార్యమాయె, గింత ఆరబెట్టుకుంట కూసుంటే ఎట్లనే, నాలుగు గంటలు మంచిగుంటే చాలు, ఇంట్ల గోడకు తర్వాత ఇంకోటి తీసుకుందాం అన్నాడు, నాలుగు గంటలు మంచిగుంటే చాలట తండ్రి ముఖం, నాకు ఒళ్లు మండింది, అసలు లామినేషనే వద్దు, ఉన్నదున్నట్టు తీసుకపోదాం అన్నాను, పసుపునీళ్లు చల్లుతరు, పాలు పోస్తరు, నాన్న ముఖం మీద రంగు కారితే అందరి ముంగట బాగుంటదా అన్నాడు, ఆ మాట అంటూ ఫొటో మీదికి పోయిన వేలు పచ్చి రంగు గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు, సరే పో, వేస్తా అన్నాను, బండి తీసి ఎర్రగడ్డకు సామాను తేవడానికి పోయాడు, నన్నూ దీన్నీ ఈ షాపు గదిలో వదిలేసి.

ఆరడం ఆరకపోవడం ఒక ఎత్తు, ఆ బొట్టు ఒక ఎత్తు, నుదుటి నడుమ ఎర్రగా గుండ్రంగా, క్రాంతే కంప్యూటర్లో పెట్టాడు, దండ కూడా పెడదామన్నాడు, నిజం పూలే తెస్తారు కదా అని దాన్ని మాత్రం తప్పించాను, బొట్టు దగ్గర నా మాట సాగలేదు, బొట్టు లేకుంటే బతికున్నోళ్ల ఫొటో లెక్క ఉంటదే అన్నాడు, అని తనే నాలుక కరుచుకున్నాడు, బతికున్నవాళ్ల ఫొటోలాగే ఉండనీ, ఎవరు చూశారు ఆయన చచ్చిపోవడం, కోర్టు చూసిందా, లాయరు చూశాడా, ఏడేళ్లు మనిషి జాడ లేకపోతే లేనట్టే లెక్క అని కాగితం ఇచ్చారు, కాగితం ఎందుకంటే చెలక ఆయన పేరు మీద ఉంది, జొన్న కూడా సరిగ్గా పండని ఆ బండల చెలక చుట్టూ ఇప్పుడు అద్దాల బిల్డింగులు లేస్తున్నాయి, మా మరిది శ్రీకాంత్ పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీ కిటికీలోంచి చూస్తే కనిపిస్తుందట, వదినా, నా సీట్ల కూసుంటే మన చెలక కనపడ్తది అని నవ్వుకుంటూ చెప్పాడు, అమ్మాలంటే మామయ్య సంతకం కావాలి, లేదా మామయ్య లేకుండా పోవాలి, అన్నదమ్ములు చెడ్డవాళ్లని కాదు, ఎండనక వాననక వెతికారు, అలిసిపోయారు, వాళ్లను అనడానికి నాకు నోరు రాదు, కానీ అత్తమ్మ, మా బాలమణి అత్తమ్మ, ఇవాళ పొద్దున కూడా అద్దం ముందు నిలబడి పావలా బిళ్లంత బొట్టు పెట్టుకుంది, నేను గుమ్మంలోంచి చూశాను, కొడుకులు కార్యం సంగతి చెప్పిన రోజు బియ్యంలో రాళ్లు ఏరుతూ ఊఁ అంది, అంతే, తల కూడా ఎత్తలేదు, ఆ ఊఁ నాకు నిద్ర పట్టనివ్వడం లేదు, రేపు ఆమె నుదుటి మీది బొట్టు తీసేస్తారు, ఇక్కడ ఈ నుదుటి మీద ఇవాళే పెట్టేశారు, ఈ ముఖానికి పొర అతికించడమంటే నా చేత్తో నేను అత్తమ్మ బొట్టు తుడవడమే, ఒక్కసారి అతికితే మళ్లీ ఊడదు, ఊడదీస్తే రంగుతో సహా వస్తుంది, ఈ పని నాకే ఎందుకు రావాలి, నాకే వచ్చు కాబట్టి.

అసలు ఈ ఫొటోకు బొట్టు పెట్టడం ఇది మొదటిసారి కాదు, తలుచుకుంటే నవ్వొస్తోంది, నవ్వితే తుంపర పడుతుంది, నోరు మూసుకో మనోజా, మామయ్య అప్పుడు స్టూడియోలో సెట్టు పనిలో ఉండేవాడు, గోడలు నిలబెట్టడం, రంగులు వేయడం, ఏదో సినిమాలో హీరో తండ్రి చనిపోయి ఉంటాడు, గోడకు ఫొటో కావాలి, వస్తానన్న ఆర్టిస్టు రాలేదు, డైరెక్టర్ చుట్టూ చూసి ఈయన మీసం చూసి, ఏవండీ మీరు రండి, ఇలా నిలబడండి అన్నాడట, ఫొటో తీశారు, పెద్దది చేశారు, బొట్టు పెట్టి దండ వేసి గోడకు తగిలించారు, హీరో దాని ముందు బోరున ఏడ్చాడు, కింద నిలబడి మామయ్య మేకుల డబ్బా పట్టుకుని తన చావుకు ఒక కొత్త మనిషి అట్లా ఏడుస్తుంటే చూశాడట, షాట్ అయిపోయాక మంచిది కాదని దండ తీయించి, కొబ్బరికాయ కొట్టి, ఆయన్ని నిలబెట్టి నవ్వమని కెమెరా ముందు నవ్వించారు, చావు వేషం వేసినవాళ్లు చివర్లో నవ్వాలి, ఫిల్మ్ నగర్‌లో అందరికీ తెలిసిన లెక్కే అది, ఆ ఫొటో ఊరికే పోతుందెందుకని ఇంటికి తెస్తే అత్తమ్మ గడప దాటనివ్వలేదు, బయటే నిలబెట్టి తడిబట్టతో బొట్టు తుడిచి, దిష్టి తీసి, అప్పుడు లోపలికి రానిచ్చిందట ఫొటోనూ మనిషినీ, నేను కోడలుగా వచ్చిన కొత్తలో ఈ కథ ఎన్నిసార్లు చెప్పాడో, మీ అత్త నన్ను సావనియ్యదు బిడ్డా అనేవాడు, అన్నం కలుపుకుంటూ అనేవాడు, అప్పుడు కూడా మీసం కింద ఇదే నవ్వు.

ఫోన్, ఇప్పుడే మోగాలా, ఎత్తకపోతే పోతుంది, పోదు, మోగుతూనే ఉంది, కడుక్కున్న చేత్తో పట్టుకోవాల్సి వచ్చింది, ప్రొడక్షన్ మేనేజర్ చలపతిరావు గారు, ఏమ్మా మనోజా, మా ఆఫీసు అద్దాల స్టిక్కర్ అయ్యిందా, ఎల్లుండి ముహూర్తం అమ్మా, మా ప్రొడ్యూసర్ గారు కొత్త, కంప్యూటర్ కంపెనీ ఆయన, ఆయనకన్నీ టైముకి జరిగిపోవాలి, సినిమావాళ్ల సంగతి తెలీదాయనకి అంటున్నారు, నిన్ననే తీసి వేలాడదీశామండీ, రేపు సాయంత్రం లామినేషన్ వేసి ఇస్తాను అన్నాను, ఇవాళ వేసెయ్యకూడదా అన్నారు, ఇవాళ మాది ఒకటుందండీ, ఇంటిది, మా మామయ్య ఫొటో అన్నాను, ఎందుకన్నానో, నోరు ఊరుకోలేదు, అయ్యో, వెంకటనర్సయ్య గారా, బంగారం లాంటి మనిషమ్మా, ఎప్పుడు పోయారు అన్నారు, ఎప్పుడు పోయారు, ఎంత సులువైన ప్రశ్న, పోయి చాలా ఏళ్లైందండీ అన్నాను, అబద్ధం కాదు కదా, పోయాడు, తలుపు తీసుకుని పోయాడు, చెప్పులేసుకుని పోయాడు, మనవాళ్లు ఊరికి పోయినా పోయాడే, పైకి పోయినా పోయాడే, రెంటికీ ఒకటే మాట పెట్టిన మహానుభావుడెవరో గానీ నా ప్రాణానికి వచ్చింది, మాకు కబురు కూడా లేదేంటమ్మా అంటున్నారు చలపతిరావు గారు, ఏం కబురు చెప్పను, మాకు వస్తే కదా మీకు చెప్పడానికి, ఉంటానండీ అని పెట్టేశాను, మళ్లీ పోయి చేతులు కడుక్కున్నాను.

ఆ రోజు కూడా ఇట్లాగే బల్ల మీద పని ఉంది, అప్పటికి ఈ ప్రింటింగ్ మెషిన్ రాలేదు, ఫొటోలకూ స్టిక్కర్లకూ పొర వేసే ఈ చేతి మెషిన్ ఒక్కటే, ఆయనే నేర్పాడు నాకు, ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న కోడలికి ఏం వస్తుందని మా ఆయన వెక్కిరిస్తుంటే, దానికి చెయ్యి నిలకడగుందిరా, నీకు లేదు అన్నాడు, తొందరపడకు బిడ్డా, పొర వెనక కాగితం ఒక్కసారే గుంజకు, జానెడు గుంజు, జానెడు తిప్పు, పొరను బిగలాగకు, బిగలాగితే ఇయ్యాల ఊకుంటది, రేపు ముడుసుకుంటది, నడుమ నుంచి అంచులకు అదుము, గాలికి దారి ఇడువు, ఇంకొకటి, మొదలుపెట్టినంక నడుమల ఆపకు, ఆపిన కాడ గీత పడ్తది, అయిపోయాక వచ్చి దాన్ని వెలుతురుకు అడ్డంగా పట్టుకుని ఒక కన్ను మూసి చూసేవాడు, ఒక్క బుడగ కనిపించినా గోటితో టక్కున కొట్టేవాడు, తిట్టేవాడు కాదు, ఏమీ లేకపోతే సాఫ్ అనేవాడు, ఆ ఒక్క మాట కోసం నేను చచ్చేదాన్ని, మా నాన్న నన్ను ఎన్నడూ ఒక్క మాట మెచ్చుకోలేదు, ఈయన సాఫ్ అంటే ఆ పూట నాకు ఆకలి వేసేది కాదు, ఆ రోజు కూడా ఏదో వేస్తున్నాను, గుమ్మంలో నిలబడి, బిడ్డా నువ్వు చేస్తుండు, నేను అట్ల యూసుఫ్‌గూడ దాక పోయొచ్చి చూస్త అన్నాడు, చూస్త అన్నాడు, ఆ మధ్య మరుపు కూడా వచ్చిందాయనకు, ఒకటికి రెండుసార్లు దారి తప్పి ఎవరో తీసుకొచ్చి దింపారు, నేను తలెత్తకుండానే సరే మామయ్యా అన్నాను, నడుమల ఆపకూడదు కదా, చక్రం తిప్పుతున్నాను కదా, తర్వాత ఈ ఫొటోతోనే కనబడుట లేదు అని కాగితాలు వేయించాం, ఉస్మానియా, గాంధీ ఆస్పత్రులు, నాంపల్లి స్టేషన్, అన్నిచోట్లా అతికించాం, వానకు తడిసి పోతాయని నేనే ఒక్కొక్కదానికీ లామినేషన్ వేశాను, క్రాంతి వద్దన్నా వినలేదు, ఎవరు చూస్తరే గింత మంచిగ చేస్తే అన్నాడు, నాకు మాత్రం ఆయనే ఎక్కడో ఒకచోట గోడ ముందు నిలబడి, ఒక కన్ను మూసి, తన ముఖం మీద బుడగ ఉందేమోనని వెతుకుతాడనిపించేది.

ఇక ఆలోచిస్తే పని కాదు, ప్రింట్ ఎత్తి మెషిన్ మీద పెట్టాను, దాని మీద మెత్తటి బట్ట ఒక్క దిక్కుకే లాగి తుడిచాను, పొర వెనక కాగితం అంచు మడిచి నడుమ అదిమి అటూ ఇటూ రాశాను, రోలర్ కింద దూర్చాను, చక్రం తిప్పాను, చొక్కా గుండీ లోపలికి పోయింది, చొక్కానా, ముందు చొక్కా ఎందుకు పోయింది, తల వైపు నుంచి పెట్టాలి కదా, ముఖాలెప్పుడూ ముందు పంపాలి, చివరికొచ్చేసరికి ఏ ముడతైనా పడితే బట్టల మీద పడాలి గానీ ముఖం మీద పడకూడదు, ఇన్నేళ్లలో ఎన్నడూ పొరపాటు చేయలేదు, ఇవాళ తిప్పి పెట్టాను, ఇప్పుడు తీయడానికి లేదు, సరే, జానెడు గుంజు, జానెడు తిప్పు, మెడ పోయింది, గడ్డం పోయింది, ఎడమ వైపు చిన్న బుడగ, దుమ్మో, నా వెంట్రుకో, పోనీ, మీసం పోయింది, తడి రంగు మీద పొర పాకుతుంటే బురద మీద చెప్పు తీసినట్టు చప్పుడు, అందులోనే తెల్లటి మసక, అప్పుడే, అనుకున్నట్టే, ముక్కు పోయింది, కళ్లు, కళ్లు నన్నే చూస్తూ పోయాయి, ఒకదాని తర్వాత ఒకటి కాదు, రెండూ ఒక్కసారే, ఇక కనుబొమ్మలు, వాటి పైన బొట్టు, చెయ్యి ఆగిపోయింది, నేను ఆపలేదు, ఆగిపోయింది, తిప్పు మనోజా, గీత పడుతుంది, తిప్పడం లేదు, కనుబొమ్మల మీద రోలర్ బరువుగా కూర్చుని ఉంది, దాని కింద గీత పడుతూనే ఉంటుంది, నుదురు మాత్రం ఇవతలే ఉంది, నా వైపు, బొట్టుతో, పచ్చిగా, ఒక్క తిప్పు తిప్పితే అయిపోతుంది, ఆ ఒక్క తిప్పుకు నా చేతికి బలం చాలడం లేదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది, నా తల దానంతటదే తలుపు వైపు తిరిగింది, అత్తమ్మ, చేతిలో టిఫిన్ డబ్బా, ఈ వేళప్పుడు ఎందుకు వచ్చింది, ఎవరు రమ్మన్నారు, పొద్దుగాల ఏం తినకుంటనే వచ్చినవ్ బిడ్డా, ఆటోల వచ్చిన అంటోంది, ఫొటో మీద ఏదైనా కప్పుదామంటే రోలర్ పట్టుకుని ఉంది, గీడ వాసనుంది అత్తమ్మా, నువ్వు బయట కూసో అన్నాను, వినలేదు, వచ్చి నా పక్కనే నిలబడింది, చూసింది, నుదుటిని, బొట్టును, చాలాసేపు చూసింది, ఎందుకాపినవ్ నడుమల, గీత పడ్తది కదనే అంది, నీ కొడుకు మామయ్యకు బొట్టు పెట్టిండు అత్తమ్మా అన్నాను, చిన్నపిల్ల చాడీ చెప్పినట్టు, చూసిన, మంచిగనే పెట్టిండు పెద్దోడు అంది, గొంతులో ఏ తేడా లేదు, నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం, ఏడేళ్లుగా మా ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగని మాట నా నోట్లోంచి ఊడిపడింది, నీకు నమ్మకమేనా అత్తమ్మా, ఆయన లేడని నమ్ముతున్నవా నువ్వు అన్నాను, అత్తమ్మ డబ్బా కింద పెట్టింది, మీ మామ బయటి కూడు తినెటోడు కాదు బిడ్డా, స్టూడియోల అందరికీ వాళ్లే అన్నం పెడుతుండ్రి, అయినా ఎంత పొద్దుపోనీ ఇంటికొచ్చే తింటుండె, ఆ దినం రెండు పూటలు చూసిన, మూడో పూటకు గూడ రాలే, బతికుంటే అప్పటికే వచ్చేటోడు, అప్పుడే ఎరుకైంది నాకు అంది, అప్పుడే, మేం గోడ గోడకూ కాగితాలు అతికిస్తున్నప్పుడే, మరి ఇన్నేండ్లు బొట్టెందుకు పెట్టుకున్నవ్ అన్నాను, అత్తమ్మ నా చెయ్యి మీద, చక్రం పట్టుకున్న చెయ్యి మీద, తన చెయ్యి వేసింది, ఎట్ల తీస్తనే, పిల్లలు మొదటి ఏడు ఏడ్సిండ్రు, ఊకున్నరు, నువ్వు ఏడ్వకపోతివి, పని చేసుకుంట ఆ తలుపు దిక్కే చూస్తుంటివి, ఎవరి చెప్పుల సప్పుడైనా లేచి నిలవడ్తుంటివి, ఇప్పుడు నేనొస్తే గూడ గట్లనే చూసినవ్, నేను బొట్టు తీస్తే నువ్వేమైపోతవో అనుకున్న, రేపు తీస్తనని పెద్దోడికి చెప్పిన గని నువ్వు తట్టుకుంటవా లేదా, నాకదొక్కటే ఫికర్ అంది.

కాదు అత్తమ్మా అందామనుకున్నాను, నేనెక్కడ చూశాను, తలుపు అక్కడుంది కాబట్టి కళ్లు పోతాయి, అంతే అందామనుకున్నాను, మరి ఎవరు ఈ బల్లను గోడ వైపు జరపనివ్వలేదు, క్రాంతి ఎన్నిసార్లు జరుపుదామన్నాడు, ఎవరు ప్రతి ప్రింటూ అయిపోయాక ఎవరూ అడగకపోయినా వెలుతురుకు అడ్డంగా పట్టుకుని ఒక్క క్షణం ఎవరి కోసమో ఆగారు, అత్తమ్మ అన్నం వండింది, బియ్యం ఏరింది, కోడళ్లను చూసుకుంది, ఒక్కనాడు తలుపు వైపు చూడలేదు, నేను మాత్రం పాపం అత్తమ్మ, పాపం అత్తమ్మ అనుకుంటూ ఆమె నుదుటి మీది బొట్టు పొద్దున్నే చూసి, ఉంది, అంటే ఆయన వస్తాడు అని ధైర్యం చెప్పుకుని ఇంట్లోంచి బయలుదేరేదాన్ని, ఇవాళ కూడా గుమ్మంలోంచి చూసింది అందుకే, ఇప్పుడు కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, రోలర్ ఇవతల ఉన్న నుదుటి మీద పడుతున్నాయి, పడనీ, ఏడేళ్లుగా అత్తమ్మ ఆ బొట్టు పెట్టుకుంటున్నది నా కోసం.